కంప్యూటరుకు నిదానం నేర్పిన బుధవారం

లోకమంతా కంప్యూటరు వేగం ఎలా పెంచాలా అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఉన్న వేగం తగ్గించడానికి కర్నూలులో పొద్దున్నే బస్సెక్కి కోడుమూరు పోయినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. నా సంచిలో ఒక సోల్డరింగ్ ఐరన్, కొంచెం సీసం తీగ, తలవెంట్రుకంత రాగితీగ, ఒక భూతద్దం, పాత బోర్డులోంచి ఊడదీసిన రెండు మూడు చిన్న ముక్కలు, నాలుగు మడతల కాగితం ఒకటి, రెండు బిస్కట్ ప్యాకెట్లు ఉన్నాయి. బిస్కట్లు మా అక్కకు. మిగతా సరంజామా మా బావకు. మామూలుగా ఆ ఇంట్లో నాకంటే నా చేతిలోని బిస్కట్లకే మర్యాద ఎక్కువ. ఆ రోజు మాత్రం అక్క వాటిని చూడను కూడా చూడకుండా పక్కన పెట్టి, సంచిలోకి తొంగిచూసి, సోల్డరింగ్ ఐరన్‌ను వేలితో చూపిస్తూ "దీంతో అయితాదా?" అని అడిగింది.

ఏమవ్వాలో చెప్పాలంటే బావ సంగతి చెప్పాలి.

బావ హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉండగానే ఒక కంప్యూటరు కొని, రెండు వేసవి సెలవులు దానికి ధారపోసి, జాతకాలు వేసే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకున్నాడు. పుట్టిన తేదీ, సమయం, ఊరు చెబితే చాలు. నక్షత్రం, రాశి, పన్నెండు గళ్ళ చక్రం లెక్కగట్టి, అంచుల్లో చిల్లులున్న పొడవాటి కాగితం మీద గరగరమని అరిచే ప్రింటరుతో తెలుగులో అచ్చు వేస్తుంది. ఆ తెలుగు అక్షరాలను కూడా చుక్క చుక్కగా ఆయనే కూర్చుకున్నాడు. అందుకే అందులో 'ఘ' నిండు నెలల మనిషిలా కనిపిస్తుంది. చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డ పుడితే టెంకాయ, తమలపాకులు తీసుకుని ఆయన దగ్గరికి వస్తారు. కాగితం పట్టుకుపోయి దేవుడి పటం వెనక దాచుకుంటారు. పెళ్ళి మాటలప్పుడు మళ్ళీ బయటికి తీస్తారు. చేనున్నవాళ్ళూ అంతే, ఆ చేలో కూలికి పోయేవాళ్ళూ అంతే. తనకు జ్యోతిషం అంతంతమాత్రమేనని బావే ఒప్పుకుంటాడు. ఫలితాలు తనకు తెలియవనీ, లెక్క మాత్రం తప్పు పోదనీ అందరికీ ముందే చెబుతాడు. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్ళూ నిలబడ్డాడు.

ఈమధ్య ఆ కంప్యూటరులో బ్యాటరీ కారి, మదర్‌బోర్డు మీద చిలుము పట్టి, ఒక రోజు అది శాశ్వతంగా కన్ను మూసింది. నా దగ్గర పాత బోర్డులకు కొదవ లేదు. కర్నూలు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పినన్నాళ్ళూ అక్కడ పారేసేవన్నీ ఇంటికి మోసుకొచ్చాను. మా ఆవిడ వాటిని "మీ ఆస్తి" అంటుంది. ఆస్తి విషయంలో భార్య 'మన' అనకుండా 'మీ' అనడం నేను మరే ఇంట్లోనూ వినలేదు. ఆ ఆస్తిలోంచి ఒక బోర్డు తీసుకుపోయి బిగించాను. పాతదే గానీ, చనిపోయినదానికంటే ఐదారేళ్ళు చిన్నది, చురుకైనది. కంప్యూటరు లేచింది. బావ తన ప్రోగ్రాం పేరు కొట్టాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది: సున్నాతో భాగహారం జరిగింది. అంతే, ప్రోగ్రాం ఆగిపోయింది.

లెక్కల మాస్టరును అనకూడని మాట ఏదైనా ఉంటే అదే. సున్నాతో భాగించిన పిల్లల చేత ఉద్యోగమున్నన్నాళ్ళూ గోడకుర్చీ వేయించిన మనిషి చేత, ఆయన రాసిన ప్రోగ్రామే గోడకుర్చీ వేయించింది. ఇది లెక్క తప్పు కాదు, వేగం ఎక్కువై వచ్చిన తంటా అని నేను ఆ రోజే చెప్పాను. బావ తలాడించాడు. బామ్మర్ది చెప్పే ఊరడింపుకు ఎంత తలాడించాలో అంతే ఆడించాడు.

రెండు వారాల తర్వాత అక్క ఫోను చేసింది. ఇన్నేళ్ళుగా వేసిన జాతకాల నకళ్ళన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాడట. "యాడన్నా తప్పు పోయిందేమో అని ఒగొగటే చూస్తాండాడు. ఈ కాగితాలు నమ్మి ఎన్ని పెండ్లిళ్ళు చేసుకున్యారో అంటాడు. అన్నం మీద ధ్యాస ల్యా" అంది. శుక్రవారం ఒక ఇంట్లో బిడ్డను తొట్లెలో వేస్తున్నారు. నక్షత్రం తెలిస్తే గానీ పేరుకు అక్షరం తెలియదు. గురువారం పొద్దున వాళ్ళు వస్తామన్నారు. ఇంకెక్కడికైనా పొమ్మని చెప్పేయమంటున్నాడట. చేత్తో లెక్కగట్టి ఇవ్వొచ్చు కదా అన్నాను. అదీ అడిగిందట అక్క. దానికి బావ, ఆ ప్రోగ్రాంలో ఉన్న లెక్క ఈ తలకాయలోదే కదా, అది తప్పయితే ఇదెట్ల ఒప్పయితాది అన్నాడట. తర్కం గట్టిది. దుఃఖంలో కూడా లెక్కల మాస్టరు లెక్కల మాస్టరే.

ఆయన రాసిన అసలు ప్రోగ్రాం పాఠం చేతికి దొరికితే వరుస వరుసా చూపించి ఒప్పించేవాణ్ణి. అది ఉన్న ఫ్లాపీలను అక్క ఏనాడో గ్రైండరు ఊగకుండా కాళ్ళ కింద పెట్టింది. గ్రైండరు ఈనాటికీ ఊగదు.

నిజంగా జరిగింది ఇది. ఆ ప్రోగ్రాం లేవగానే, తానున్న మిషన్ ఎంత వేగమో తెలుసుకోవడానికి, ఒక చిటికెలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలదో చూసుకుంటుంది. వచ్చిన సంఖ్యను పోసుకోవడానికి ఒక చెంబు పెట్టుకుంది. ఆ చెంబు బావ చేసింది కాదు, ప్రోగ్రాం రాసిన భాషతో పాటు వచ్చింది. ఆనాటి మిషన్లకు అది ఎక్కువే. నేను తెచ్చిన బోర్డు చెంబు పట్టనన్ని అంకెలు గుమ్మరించింది. పొర్లిపోయింది అని చెప్పడం తెలియక, అది నేరం సున్నా మీదికి నెట్టింది. లోకంలో మాట్లాడలేనివాళ్ళ మీదికి నేరం నెట్టడం కొత్తేమీ కాదు.

వేగం తగ్గించాలి. దానికి దారి ఉంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పు ఉంటుంది. చెక్కభజనలో గురువు తాళం వేసినట్టు, బోర్డంతటికీ తాళం వేసేది అదే. ప్రాసెసరు ఆ తాళానికి అడుగులు వేస్తుంది. మా ప్రాసెసరు ఒక్కో తాళానికి మూడున్నర అడుగులు వేస్తుంది. ఆ మూడున్నరను ఎవరూ మార్చకుండా కంపెనీలోనే బిగించేశారు. అడుగు మార్చలేనప్పుడు తాళం మార్చాలి. బోర్డు మీదున్న ఏర్పాటుతో తాళం అరవై ఆరు చిల్లర మెగాహెర్ట్జ్‌కు తక్కువ దిగదు. కానీ ఆ చిప్పు చేసినవాళ్ళు రాసిన కాగితం వెతికి తీస్తే, అది యాభై కూడా వేయగలదని ఉంది. బోర్డుకు అతికి ఉన్న దాని లోహపు కాళ్ళలో ఒక మూడు ఉన్నాయి, వాటిలో దేనికి కరెంటు తగులుతోంది, దేనికి లేదు అన్నదాన్ని బట్టి అది తాళం ఎంచుకుంటుంది. బోర్డు తయారుచేసినవాళ్ళు రెండు కాళ్ళకు జంపర్లు పెట్టి, మూడో కాలిని ఒకే వైపు కట్టిపడేశారు. జంపరంటే నిలబెట్టిన సన్నని మొలకల మీద తొడిగే చిన్న టోపీ. ఇటు తొడిగితే ఒక వేగం, అటు తొడిగితే మరో వేగం. ఆ మూడో కాలిని బోర్డు నుంచి లేపి, తీగ అతికించి, దానికీ ఒక జంపర్ పెడితే తాళం యాభైకి దిగుతుంది. రెండువందల ముప్పైమూడు మీద పరిగెత్తే ప్రాసెసరు నూట డెబ్బై అయిదుకు వస్తుంది. చెంబు పొర్లదు. నా సంచిలోని నాలుగు మడతల కాగితం ఆ చిప్పుదే.

ఇదంతా బావకు మంచం పక్కన కూర్చుని చెప్పాను. కొత్త జంపర్ పెట్టాలి అనేసరికి వంటింట్లోంచి నవ్వు వినపడింది. మా వైపు పెద్దవాళ్ళకు జంపరంటే రవిక. "నాకు పండగకు ఒగటి కుట్టియ్యల్యా, ఆ డబ్బాకు తొడుగుతాండారు" అంది అక్క. రెండు వారాల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వట.

బావ నవ్వలేదు. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు.

"అదే బోర్డు, అదే ప్రాసెసరు. ఒగసారి తప్పు రావల్ల, ఒగసారి ఒప్పు రావల్ల. రెండూ నా కండ్ల ముందర. చూపిస్తావా?"

"చూపిస్తా బావా."

ఆయనకు కావలసింది ఓదార్పు కాదు, నిరూపణ.

హాల్లో తూర్పు కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాను. పొద్దుటి వెలుగు భుజం మీదుగా బోర్డు మీద పడేట్టు, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. కిటికీ అవతల అక్క బర్రె నెమరేస్తున్న చప్పుడు మెడ వెనకే వినిపిస్తోంది. బావ వచ్చి ఒకసారి చూసి, పడమటి మొగం పెట్టుకుని కొత్త పని మొదలుపెడతారా ఎవరైనా అని సణిగాడు. ఫలితాలు తెలియని మనిషికి దిక్కులు మాత్రం బాగా తెలుసు. వెలుతురు ఏ దిక్కున ఉంటే అదే మంచి దిక్కని చెప్పి, నేను భూతద్దంలో కాళ్ళు లెక్కపెట్టడంలో పడ్డాను. రెండు వరుసలు, వరుసకు ఇరవై నాలుగు. కాలికీ కాలికీ మధ్య చీమ కూడా మొహమాటపడేంత సందు. మూడుసార్లు లెక్కపెట్టి, కాగితం అంచున రాసుకున్నాను: ఎడమ వరుస, కింది నుంచి ఏడోది.

ఐరన్ వేడెక్కింది. అప్పుడు బావ గోడ గడియారం చూపించాడు. బుధవారం, పన్నెండు. రాహుకాలం. ఒంటిగంటన్నర దాకా ఐరన్ ముట్టవద్దన్నాడు. అక్క అప్పటికే కంచాలు పెట్టేసింది. రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి అనే పచ్చడి, పెద్ద గ్లాసు మజ్జిగ. సంగటి తిన్నవాణ్ణి వేరే రాహువు పట్టనక్కర్లేదు. చాప మీద నడుం వాల్చానో లేదో, రెండు దాటాకనే కళ్ళు తెరిచాను.

లేచి చూస్తే బావ అన్నీ సిద్ధంగా పెట్టి ఉన్నాడు. కుర్చీ, కుడిచేతి వైపు ఐరన్, కాగితం, భూతద్దం, పైన బల్ల లైటు. కిటికీ నాకు ఎదురుగా ఉందన్న సంగతి కంటికి ఆనింది గానీ, సంగటి మత్తులో కిటికీయే మర్యాదగా ముందుకొచ్చి నిలబడిందేమో అన్నట్టు పట్టించుకోలేదు. కాగితం చూశాను. ఎడమ వరుస, కింది నుంచి ఏడోది. అక్క దగ్గర కాలి ముల్లు తీసే పట్టకారు ఉంది. మెట్టచేలలో తిరిగే ఇళ్ళల్లో అది లేని ఇల్లుండదు. ఐరన్ మొన ఆనించి, సీసం కరగగానే, పట్టకారుతో ఆ కాలిని ముల్లు లేపినట్టు లేపాను. తీగ అతికించాను. మొలకలు నిలబెట్టాను. టోపీ తొడిగాను. ఇంత నాజూకు పని నా చేతుల మీదుగా జరగడం చూసి నాకే ముచ్చటేసింది. ఆ ముచ్చట గంట కూడా నిలవలేదు.

స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండిపోయింది. టోపీ అటు మార్చాను, ఇటు మార్చాను. నలుపే. సున్నాతో భాగహారం అన్న తిట్టు కూడా రాలేదు, తిట్టడానికి కూడా ఇష్టం లేనట్టు. చిప్పుతో చెలగాటమాడి చేతికి చిప్ప తెచ్చుకున్నాను.

బావ మంచం దగ్గరికి పోయి, పరిచి ఉన్న కాగితాలను ఒక్కొక్కటే సర్ది, పురికొస తీసుకున్నాడు.

"కట్టి అటకెక్కిస్తాప్పా. ఇంగ ఇవి ఎవురికీ చూపియ్యకూడదు" అన్నాడు.

అక్క వాకిలి దగ్గర నిలబడిపోయింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు. బావను చూడలేక, అక్కను చూడలేక, తలెత్తి కిటికీ చూశాను. బర్రె నావైపే చూస్తూ తాపీగా నములుతోంది. కోడుమూరులో ఆ క్షణాన నా మొహం చూడగలిగిన జీవి అదొక్కటే. దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా ఒక సందేహం వచ్చింది.

"అక్కా, పొద్దున ఈ బర్రె నా వీపెనక ఉండె గదా?"

జవాబు మంచం వైపు నుంచి వచ్చింది. బావ ముడి వేస్తూ, తల తిప్పకుండానే చెప్పాడు.

"బర్రె ఆడనే ఉండాది. నువ్వు పండుకున్నెప్పుడు నేనే కుర్చీ ఈ పక్కకు జరిపినా. తూర్పు మొగమైతే అన్నా పని అయితాదని."

పని పాడైపోతే తూర్పు తిరిగి దండం పెట్టుకోమంటారు పెద్దలు. పని పాడు కావడానికి ముందే తూర్పు తిరిగి కూర్చున్న ఘనత నాది. బల్ల కదల్లేదు, బోర్డు కదల్లేదు, నేను ఒక్కణ్ణే ఇటునుంచి అటు మారాను. అంటే ఎడమ కుడి అయింది, కింది నుంచి అన్నది పై నుంచి అయింది. రెండు వరుసల చిప్పు తలకిందులుగా చూసినా చిప్పులాగే ఉంటుంది. అందుకే దాని మూలన ఒక చుక్క పెడతారు. ఆ చుక్క పక్కనున్నదే ఒకటో కాలు. ముందు చుక్క చూడండి, తర్వాతే కాళ్ళు లెక్కపెట్టండి అని ఏటేటా మొదటి క్లాసులోనే చెప్పి, చూడనివాళ్ళకు మార్కులు కోసినవాణ్ణి నేనే.

"బావా, తప్పు నాది. చుక్క చూడల్యా. వేరే కాలు లేపినా" అన్నాను.

పురికొస ఆగింది. విద్యార్థి తప్పు ఒప్పుకున్నప్పుడు లెక్కల మాస్టరు మొహంలో వచ్చే వెలుగు ఒకటుంటుంది. అది బావ మొహంలో రెండు వారాల తర్వాత కనిపించింది.

"యాడ? చూపియ్యి" అంటూ లేచి వచ్చాడు. పంచాంగం చూసుకునే తన పెద్ద భూతద్దం తెచ్చుకుని, చుక్క దగ్గర వేలి గోరు ఆనించి, కాళ్ళు తనే లెక్కపెట్టాడు. పైకి, వినపడేట్టు. ఒకసారి అటునుంచి, సరిచూడ్డానికి ఇంకోసారి ఇటునుంచి. రాసుకోమన్నాడు, రాసుకున్నాను. లేపిన కాలిని నేను మళ్ళీ పడుకోబెట్టి అతికిస్తుంటే, చేయి వణక్కుండా మోచెయ్యి బల్లకు ఆనించమని చెప్పాడు. అసలు కాలిని లేపేటప్పుడు ఊపిరి బిగబట్టమన్నాడు. ఆయనా బిగబట్టాడు. అక్క కూడా బిగబట్టిందని తర్వాత చెప్పింది. బర్రె సంగతి తెలియదు.

దీపాలు పెట్టే వేళకు పనయింది. మొదట టోపీని పాత వైపు తొడిగి స్విచ్చి వేశాను. తెర వెలిగింది. బావ ప్రోగ్రాం పేరు కొట్టాడు. సున్నాతో భాగహారం. ఆయన దాన్ని చదివి, ఇక మార్చమన్నట్టు టోపీ వైపు వేలు చూపించాడు. ఆర్పి, పట్టకారుతో టోపీని కొత్త వైపు మార్చి మళ్ళీ వేశాను. అదే పేరు కొట్టాడు. తెర మీద చుక్క చుక్కగా 'శ్రీ' లేచింది.

నేను కేకేయబోయాను గానీ ఆయన చెయ్యెత్తి ఆపాడు. నిరూపణ ఇంకా సగమే అయింది. ప్రోగ్రాం రాసిన కొత్తల్లో పరీక్షకని తన జాతకం, అక్క జాతకం వేసుకున్న రెండు కాగితాలు కట్టలోంచి తీశాడు. అవే తేదీలు, అవే సమయాలు ఇచ్చాడు. ప్రింటరు గరగరలాడింది. కొత్త కాగితాలు పాతవాటి పక్కన పెట్టి, భూతద్దంతో గడి గడికీ సరిచూడసాగాడు. అక్క వెనక నిలబడి చాలాసేపు ఓర్చుకుంది.

"ఏమంటాది? నన్ను చేసుకోవచ్చంటనా?"

"అప్పుడు చెప్పిందే ఇప్పుడూ చెప్తాండాది" అన్నాడు బావ.

"మార్చుకునేకి ఇంగొక జంపరు ల్యాదా?" అంది అక్క.

బావ నవ్వాడు. తర్వాత రెండు ముద్దల సంగటి ఎక్కువ తిన్నాడు. కట్టకు వేసిన పురికొస నిశ్శబ్దంగా విప్పేశాడు. ఆ రాత్రి నేనక్కడే ఉండిపోయాను.

గురువారం పొద్దున బిడ్డ నాయనమ్మ, తండ్రి వచ్చారు. తండ్రి సెల్లులో అప్పటికే ఏదో జాతకం తీసి పెట్టుకున్నాడు. అవ్వ దాన్ని ఒప్పుకోవడం లేదు. "సెల్లులోది సెల్లు మాదిరే ఉంటాది నాయనా. ఛార్జింగు అయిపోతే నచ్చత్రమూ పోతాది" అంది. బావ వెంటనే జాతకం వేయలేదు. వాళ్ళను కూర్చోబెట్టి, డబ్బా మూత తీసి, టోపీని వేగం వైపు మార్చి, సున్నా తిట్టు వాళ్ళకు చూపించాడు. తర్వాత నిదానం వైపు మార్చి 'శ్రీ' చూపించాడు.

"చూసినారా, లెక్క తప్పు పోల్యా. ఆత్రం దానిది" అన్నాడు.

వాళ్ళకు ఏమర్థమైందో గానీ అవ్వ మాత్రం గట్టిగా తలాడించింది. ఆత్రగాళ్ళ సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. బిడ్డది రోహిణి, పేరుకు 'వ' అని వచ్చింది. కాగితం పసుపు బొట్టు పెట్టించుకుని వెళ్ళిపోయింది. టోపీ పక్కన ఏ వైపు ఏమిటో గుర్తు కోసం రాయాలనుకున్నప్పుడు, నిదానం వైపు 'శని' అని రాద్దామన్నాడు బావ. గ్రహాల్లో నిదానంగా నడిచేవాడు ఆయనే కదా అని వివరం కూడా ఇచ్చాడు. ఇంట్లో ఉన్న శని చాలదా అని అక్క నావైపు చూసింది. చివరికి ఒక వైపు 'ఆత్రం', ఒక వైపు 'నిదానం' అని రాసుకున్నాం.

ఇదంతా అయ్యాక ఒక పాత విద్యార్థికి గొప్పగా చెప్పుకున్నాను. వాడు మర్యాదగా విని, ఆ చెంబు తంటాకు ఏనాటి నుంచో చిన్న మందు, అంటే మరో బుల్లి ప్రోగ్రాం, ఉందనీ, ప్రోగ్రాం ఫైలు మీద ఒక్కసారి నడిపితే ఎంత వేగపు మిషన్ మీదైనా పనిచేస్తుందనీ, ఐరన్ వేడెక్కే లోపల అయిపోతుందనీ చెప్పాడు. ఆ మందు నాకు పంపాడు కూడా. దాచి పెట్టుకున్నాను. దాన్ని నడిపితే ప్రోగ్రాం రెండు వైపులా ఒప్పే చూపిస్తుంది. వచ్చినవాళ్ళందరికీ బావ చూపించుకునే తప్పు ఇంక రాదు. అంత పెద్ద నష్టం చేసే ధైర్యం నాకు లేదు.

మొన్న బావ ఫోను చేశాడు. కాగితం మరీ తొందరగా వచ్చేస్తోందట. పాత మిషన్ అయితే లెక్కగట్టేలోపల వచ్చినవాళ్ళు కాఫీ తాగి, పంటల సంగతి, వాన సంగతి మాట్లాడి పోయేవాళ్ళట. ఇప్పుడు కాఫీ పొంగే లోపల లేచి నిలబడుతున్నారట.

"ఇంగొంచెం నిదానం చేసేకి అయితాదేమో చూడప్పా" అన్నాడు.

కాగితం మళ్ళీ విప్పాను. చిప్పుకు ఇంకా నలభై అయిదు కాళ్ళున్నాయి. అందులో తాళం తగ్గించేది ఒక్కటీ లేదని నాకు తెలుసు. అయినా వచ్చే బుధవారం వస్తానని చెప్పాను. ఈసారి కుర్చీ మాత్రం ముట్టుకోవద్దన్నాను.